అవ్వ గదిలో ఒక్క బల్బు, పింఛనుకు 300 యూనిట్లు

పథకాల్లో అనర్హులను ఏరేయాలని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు మా అవ్వ గది గుర్తొస్తుంది. వాకిలి పక్కన రేకుల గది. ఒక బల్బు, ఒక టేబుల్ ఫ్యాను. కొన్నేళ్ల కిందట ఆ గదిలో ఉండే మనిషికి కరెంటు 300 యూనిట్లు దాటిందని పింఛను ఆపేశారు.

తాత పోయాక ఇల్లు అవ్వ పేరు మీదికొచ్చింది, మీటరు ఆమె ఆధార్‌కు ముడిపడింది. ఆ మీటరు మీద మూడు కాపురాలు. ఇద్దరు మామల ఫ్రిజ్‌లు, బోరు మోటరు అన్నీ దాని మీదే. ఆఫీసులో పిల్లోడు మంచోడే, స్క్రీను మావైపు తిప్పి చూపించాడు. "కంప్యూటర్లో దాటినట్టు చూపిస్తాంది అవ్వా, నేనేం చేసేది?" అవ్వ ఆ స్క్రీనుకేసి చూస్తూ, "నాకు యాడుంది నాయనా అంత కరెంటు, ఒక్క బల్బే కదా" అని దానికే చెప్పుకుంది.

ఏరివేతలో రెండు తప్పులు జరుగుతాయి. ఉన్నోడికి డబ్బు చేరడం ఒకటి, లేనోడికి ఆగిపోవడం ఇంకొకటి. మొదటిదానికి లెక్క ఉంటుంది. ఇన్ని పేర్లు తీసేశాం, ఇంత మిగిలిందని చెప్పుకుంటారు. రెండోది ఏ ఫైల్లోనూ కనబడదు. మా అవ్వ పింఛను కూడా ఆ మిగులులోనే కలిసిపోయి ఉంటుంది.

ఈ జబ్బు మన సీమకు పాతదే. 1876-78లో ధాత కరువొచ్చి కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో జనం రాలిపోతున్నారు (అనంతపురం అప్పుడు బళ్లారిలోనే ఉండేది, 1882లో విడిపోయింది). కరువు పనుల్లో అవసరం లేనోళ్లు చేరి ఖజానా ఖాళీ చేస్తున్నారన్న భయంతో 1877లో బ్రిటిష్ సర్కారు రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపించింది. ఆయన మగమనిషి కూలిని రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణాకు కోసేశాడు. పౌండంటే అరకిలో కూడా లేదు, రాళ్లు కొట్టే మనిషికి! ఇంటికి పది మైళ్ల అవతలే పని అనే పరీక్ష కూడా పెట్టారు. నిజంగా ఆకలైతే నడిచొస్తాడులే అని. మద్రాసులో జనం ఆరోగ్యం చూసే అధికారి, శానిటరీ కమిషనర్ కార్నిష్ ఆ కూలితో మనిషి బతకలేడని పట్టుబట్టాక, కొన్ని నెలలకు పెంచారు.

అదే నేల మీద, మా నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది. మా ఊళ్లో దాన్ని కరువు పనే అంటారు. ఆ చట్టంలో ఏం రాశారో చూడండి: పని ఊరికి 5 కిలోమీటర్ల లోపు చూపించాలి, దాటితే కూలి 10 శాతం ఎక్కువ. అడిగిన 15 రోజుల్లో పని ఇవ్వకపోతే భృతి. పేదోడినని రుజువు తెమ్మనలేదు, పల్లెలో ఉంటూ ఒళ్లొంచుతానంటే చాలు. టెంపుల్ పరీక్షను తలకిందులు చేసిన చట్టమది. తర్వాత దానికీ జల్లెడ పట్టారు, 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బులకు ఆధార్ ముడి తప్పనిసరి చేశారు.

అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో అడిగిందొకటుంది. ఏ ఇంట్లో పుడతావో తెలియకముందే సమాజానికి నియమాలు రాయమంటే ఎలా రాస్తావని. బెంగళూరు అపార్ట్‌మెంటులో పుడతావో, వాన పడని శెనక్కాయ చేను గట్టు మీద పుడతావో తెలియదు. 300 యూనిట్ల గీత గీసినాయన, ఆ రేకుల గది తనదే కావచ్చని ఒక్క నిమిషం అనుకునుంటే ఆ గీత గీసేవాడా?

"కారున్నోడికీ పింఛనిస్తారా" అంటారు. ఇవ్వండి. అరవై దాటిన ప్రతి మనిషికీ ఇవ్వండి, ఉన్నోడి దగ్గర పన్నులో వెనక్కి లాక్కోండి. స్వీడన్ పరిశోధకులు కోర్పీ, పాల్మే సంపన్న దేశాలను పోల్చి 1998లో చెప్పింది కూడా ఇదే. పేదలకు మాత్రమే అని గురిపెట్టిన చోట కంటే, అందరినీ కలుపుకున్న చోటే పేదరికం ఎక్కువ తగ్గింది. మధ్యతరగతికీ వాటా ఉంటే కోత పెట్టేటప్పుడు వాళ్లూ అడ్డం పడతారు.

మామ మీటరు వేరు చేయించి, కాగితాలు పట్టుకుని నాలుగుసార్లు తిరిగాక అవ్వకు పింఛను మళ్లీ పడింది. మధ్యలో ఏడు నెలలు పోయాయి. వాటి సంగతి అడిగితే "పాతది రాదమ్మా" అన్నారు. ఆ ఏడు నెలలూ అవ్వ బీపీ మాత్రలు రోజు మార్చి రోజు వేసుకుందని మాకు తర్వాతెప్పుడో తెలిసింది.