కుర్చీ దిగని ప్రకృతి వైద్యం

మోకాలికీ బోడిగుండుకూ ముడిపెడుతున్నారని పూర్వం ఎవరినో వెక్కిరించారు. ఆ ముడి ఇప్పుడు ఒక శాస్త్రంగా ఎదిగింది. మోకాలు నొప్పి అని నోరు జారితే చాలు, పసుపు, ఉప్పు, రాగి కడియం, మిరప మలాం వరస కట్టి వచ్చి ముడిపడతాయి. అన్నీ సహజమైనవే. అన్నిటికీ ఉమ్మడిగా ఒక సుగుణం కూడా ఉంది. దేన్ని వాడాలన్నా రోగి కూర్చున్నచోటు నుంచి లేవనక్కర్లేదు. కనుక సహజ చికిత్సకు ఇంతకాలం కొరవడిన నిర్వచనాన్ని ఇక్కడ వినయంగా ప్రతిపాదిస్తున్నాం: పూసుకునేది, మింగేది, కట్టుకునేది ఏదైనా సహజం. సొంత కండరాన్ని వాడటం ప్రకృతి విరుద్ధం.

అగ్రపూజ పసుపుకే. పసుపు పొడి బరువులో కర్కుమిన్, అంటే మందు గుణం ఉందని చెప్పే పదార్థం, ఉండేది సుమారు 3 శాతం. మోకాలి అరుగుదల మీద చేసిన పరీక్షల్లో ఇచ్చింది పొడి కాదు, తీసిన సారం. అది కూడా సాధారణంగా రోజుకు 500 నుంచి 1500 మిల్లీగ్రాములు. మధ్యస్తంగా వెయ్యి అనుకుందాం. అంత కర్కుమిన్ కోసం 33 గ్రాముల పొడి, అంటే చిన్న చెంచాతో పదకొండు చెంచాలు మింగాలి. మనవాళ్లు గ్లాసులో కలుపుకునేది అర చెంచా. అందులో ఉన్నది 45 మిల్లీగ్రాములు. ఈ లెక్కన ఇవాళ్టి మోతాదు పూర్తి కావడానికి 22 రోజులు పడుతుంది.

ఆ 45 కూడా రక్తంలోకి చేరదు. చాలావరకు పేగులోంచే సెలవు తీసుకుంటుంది. దీనికి విరుగుడు మిరియం. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో 2 గ్రాముల కర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియంలోని ఘాటు పదార్థం, జోడిస్తే రక్తంలోకి చేరేది 2000 శాతం పెరిగింది. ఆ అంకెను అందరూ వల్లిస్తారు. అది పెరిగింది దాదాపు సున్నా నుంచి అన్న సంగతి మాత్రం ఎవరికీ నోరు తిరగదు. పైగా పైపెరిన్ ఇతర మందులను కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలబెట్టగలదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లు పసుపు సారం మాత్రలు కూడా వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. గాఢంగా, తేలిగ్గా ఒంటికి పట్టేలా తయారుచేసిన మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. ఇదంతా డాక్టరుకు చెప్పాలి కదా? చెప్పరు. నొప్పి తగ్గించేటప్పుడు పసుపు మందు. డాక్టరు అడిగేటప్పుడు వంటింటి దినుసు.

ఎప్సమ్ సాల్ట్ వ్యవహారం ఇంకా మర్యాదస్తమైనది. ఇంగ్లండులోని ఎప్సమ్ ఊరి పేరు పెట్టుకున్న మెగ్నీషియం సల్ఫేట్ ఇది. వేడినీళ్ల తొట్టిలో కలిపి కూర్చుంటే మెగ్నీషియం చర్మం దాటి కండరంలోకి దిగి పట్టు వదిలిస్తుందని వాదన. దిగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. చర్మం ఉన్నదే బయటి సరుకును బయటే ఆపడానికి. అయినా హాయిగా ఉంటుంది. ఎందుకంటే 38-40 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంటే రక్తప్రసరణ పెరుగుతుంది, బిగిసిన కండరం సడలుతుంది. పని నీళ్లది, జీతం ఉప్పుది.

కాపడం దగ్గర మాత్రం ఎగతాళి కాస్త తగ్గించాలి. అది నిజంగా పనిచేస్తుంది, వేళ తప్పకపోతే. పాతబడిన నొప్పికి, పొద్దున్నే పట్టేసిన కీలుకు 15-20 నిమిషాల వేడి మంచిది. అప్పుడే బెణికి ఉబ్బుతున్న చీలమండకు అదే వేడి పెడితే వాపు పెరగవచ్చు. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు 10-15 నిమిషాలు పెట్టి తీసేయాలి. గుడ్డ లేకుండా పెడితే చర్మం కాలినట్టే అవుతుంది. ఐసుకు కూడా ఒక పురాణం ఉంది. దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐసు, బిగి కట్టు, కాలు ఎత్తిపెట్టడం అన్న నాలుగు సూత్రాలను 1978లో ప్రచారంలోకి తెచ్చింది డాక్టర్ గేబ్ మిర్కిన్. ఐసు, పూర్తి విశ్రాంతి మానే ప్రక్రియను ఆలస్యం చేయవచ్చని 2014లో ఒప్పుకున్నదీ ఆయనే. భక్తులు మాత్రం మొదటి విడత దగ్గరే ఆగిపోయారు, అందులో విశ్రాంతి ఉంది కనుక. కాపడం సంచీ మీదే నిద్రపోయేవాళ్లకు చర్మం మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు బహుమానం. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు ఏకంగా బొబ్బలే.

మిరప మలాం విషాదగాథ వేరు. కాపడం పక్కన పెడితే ఈ గుంపులో కొంత యోగ్యత ఉన్నది దీనికే, పరువు పోయిందీ దీనికే. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాల తలుపును తడుతుంది. ఆ తలుపును కనిపెట్టిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నారు. తట్టగా తట్టగా నరం విసుగెత్తి నొప్పి కబురు మోయడం తగ్గిస్తుంది. అలా విసుగెత్తించాలంటే 0.025 శాతం లేదా 0.075 శాతం మలాం రోజుకు మూడు నాలుగు సార్లు, కనీసం రెండు వారాలు, పలచగా పూయాలి. జరిగేదేమిటి? మొదటిరోజు దట్టంగా పట్టిస్తారు, మండుతుంది, మంట తగ్గాలని పైన కాపడం పెడతారు, ఇంకా మండుతుంది, చెయ్యి కడుక్కోకుండా కన్ను నలుపుకుంటారు. ఆ తర్వాత మోకాలు నొప్పి గుర్తుండదన్నది నిజమే.

మెంథాల్ బామ్ కీలును చల్లబరచదు, చల్లబడిందని మెదడుకు దొంగ కబురు పంపుతుంది. నొప్పి మలాముల్లో కలిపే వింటర్‌గ్రీన్ నూనె వాసన మధురంగా ఉంటుంది గానీ, ఒక్క చిన్న చెంచాలో ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలకు సమానమైన సరుకు ఉంది. పిల్లల చేతికి అందితే ప్రాణం మీదికి వస్తుంది. రాగి కడియం మణికట్టును పచ్చగా చేస్తుంది. రుమటాయిడ్ కీళ్లవాతం, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడిచేసే జబ్బు, ఉన్న 70 మందితో చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో అంతకుమించి ఏ ఉపయోగమూ కనబడలేదు. కీళ్ల గుజ్జుకు మంచిదని అమ్మే గ్లూకోసమిన్ మాత్రల మీద 2006లో వెలువడిన పెద్ద అమెరికన్ పరీక్షలో 1583 మంది పాల్గొన్నారు. అందులో ఏ మందూ లేని ఉత్త మాత్ర మింగినవాళ్లలోనే సుమారు 60 శాతానికి నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది. మొత్తం మీద గ్లూకోసమిన్ ఆ ఉత్త మాత్రను ఓడించలేకపోయింది. ఉత్త మాత్రనే సీసాలో పోసి అమ్మితే సరిపోయేది, దానికి చెడు గుణాలూ తక్కువ.

ఇక రెండు రోజుల్లో లేపి కూర్చోబెట్టే మూలికా మాత్రలు. పసుపుకు 22 రోజులు పట్టే లోకంలో ఇవి 48 గంటల్లో పనిచేస్తాయంటే మూలిక పేరు అడగాల్సిందే. 2022లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించిన కొన్ని కీళ్లనొప్పి మాత్రల్లో ఆ మూలికల పేర్లు డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్. మొదటిది మామూలు నొప్పి మాత్ర, రెండోది స్టెరాయిడ్. సీసా మీద రాయలేదు, అంతే. ఇలాంటివి నెలల తరబడి వాడితే ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ తయారీ మానేస్తుంది. అనుమానం వచ్చి ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఆపాలన్నా డాక్టరు చేతి మీదుగా మెల్లగా ఆపాలి.

ఇంతకీ కీలు ఏం కోరుతోంది? ఎముక చివర్న ఉండే మృదులాస్థికి, జనం గుజ్జు అనేదానికి, రక్తనాళాలు లేవు. చుట్టూ ఉన్న జిగురు ద్రవమే దాని భోజనం. బరువు పడినప్పుడు స్పాంజిలా పిండుకుని, వదిలినప్పుడు పీల్చుకుంటుంది. గుజ్జు అరిగిందని కాలు కదపకపోవడమంటే, బక్కచిక్కిందని అన్నం మాన్పించడమే. ఈలోగా తొడ కండరం సన్నబడుతుంది, అది మోయాల్సిన అదురంతా కీలు మీద పడుతుంది. ఒంటి బరువు సంగతి సరేసరి. ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. రోజుకు 5000 అడుగులు వేస్తే ఒక్కో మోకాలికి మిగిలేది పది టన్నులు. పదకొండు చెంచాల పసుపుతో పోలిస్తే ఇది చవక బేరమే గానీ, పైన చెప్పిన నిర్వచనానికి విరుద్ధం.

ఆ నిషిద్ధ కృత్యాలు ఎదురుపడితే గుర్తుపట్టి తప్పించుకోవడానికి వీలుగా వాటి ఆనవాళ్లు ఇస్తున్నాం. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు చాచి, తొడ బిగించి అడుగు ఎత్తు లేపడం; అయిదు సెకన్లు ఆపి మెల్లగా దించడం. పది సార్లు, మూడు విడతలు, రెండు కాళ్లకూ. మోకాలు వంగినా, నడుము విల్లులా లేచినా, ఊపిరి బిగబట్టినా ఫలితం పోతుంది. చేసేటప్పుడు పదికి మూడు నాలుగు పాళ్ల నొప్పి ఉండి, మర్నాటికి సద్దుమణిగితే ఫరవాలేదు. మర్నాడు వాపు కనిపిస్తే లెక్క సగానికి తగ్గించాలి.

తొలిరోజే వీరావేశంతో యాభై కొట్టేవాళ్లకు ఒకటి రెండు రోజుల తర్వాత మెట్లు దిగడం గండమవుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుందని నిందిస్తారు. పాపం, అది గంటలోపే వెళ్లిపోతుంది. నొప్పి అలవాటు లేని కండరపు పోగుల్లో ఏర్పడ్డ సూక్ష్మమైన చీలికలది, దానంతటదే పోతుంది. ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. మానేసేది సరిగ్గా రెండో వారంలో.

పసుపుకూ వ్యాయామానికీ రెంటికీ పనిలేని సందర్భాలు కొన్ని ఉన్నాయి, అక్కడ నవ్వులాట కూడా పనికిరాదు. కీలు ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే కాలుతూ, జ్వరం కూడా ఉంటే అది కీలులో చీము కావచ్చు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. వేళ్ల కణుపులు రెండు చేతులకూ ఉబ్బి, పొద్దున్నే బిగువు గంట దాటినా వదలకపోతే రుమటాయిడ్ అనుమానం. దాన్ని ఎంత ఆలస్యం చేస్తే కీళ్లు అంత వంకర పోతాయి. పడిన తర్వాత కాలు మీద బరువు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించాలి, మర్దన చేయించకూడదు.

చివరి నిషిద్ధం అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఇంట్లోనే పొంచి ఉంటుంది. చేతులు గుండె మీద కట్టుకోవాలి, పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి లాగాలి, ముక్కు కాలివేళ్ల పైకి వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. మోకాళ్లు లోపలికి వాలకూడదు. ఎనిమిది నుంచి పది సార్లు, నిమిషం విరామం, మళ్లీ. కష్టమైతే రెండు వారాలు దిండు వేసుకుని ఎత్తు పెంచుకోవచ్చు. దీనికి కావలసిన పరికరం ఒక్కటే, అది ఇప్పటికే రోగి కింద ఉంది.