డబ్బు పుచ్చుకోవాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలా?

ఇంట్లో బ్లౌజులు కుట్టే మహిళ కొత్తగా వచ్చినవాళ్లకు తన ఫోన్ నంబరు చెప్పి, ‘దీనికి ఫోన్‌పే కొట్టండి’ అంటుంది. నంబరు నొక్కగానే బ్యాంకు ఖాతాలోని ఆమె పూర్తి పేరు తెర మీద కనిపిస్తుంది. డబ్బు పంపాల్సిన పని కూడా లేదు, పేరు చూసుకుని వెనక్కి వచ్చేయొచ్చు. అదే నంబరుతో వాట్సాప్ తెరిస్తే చాలాసార్లు ఫొటో కూడా దొరుకుతుంది. తన పేరు ఎవరు చూశారో, ఎన్నిసార్లు చూశారో ఆమెకు మాత్రం తెలియదు.

మన దగ్గర బ్యాంకు ఖాతాలో పేరంటే చాలామందికి ఇంటిపేరుతో సహా. ఇంటిపేరు తెలిస్తే చాలు, ఎవరి తాలూకో, ఏ కులమో లెక్క కట్టేసే సమాజం మనది. ట్యూషన్ చెప్పే అమ్మాయి ఫీజు తీసుకున్న పాపానికి ఈ వివరాలన్నీ అపరిచితుల చేతిలో పెట్టాల్సి వస్తోంది. (కిరాణా కొట్టు సౌండ్ బాక్స్ అయితే ఎంత వచ్చిందో వీధి మొత్తానికీ చాటుతుంది. అది కొట్టువాడు కోరి పెట్టుకున్నదే కాబట్టి దాని సంగతి వదిలేద్దాం.)

పేరు చూపించడానికి కారణం లేకపోలేదు. యాప్‌లో ఇష్టమొచ్చిన పేరు పెట్టుకుని మోసగించేవాళ్లకు అడ్డుకట్ట వేయడానికి, బ్యాంకు రికార్డుల్లోని పేరే చూపాలని యూపీఐ చెల్లింపుల వ్యవస్థను నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది. జూన్ 30 లోగా అమలు చేయాలని గడువు పెట్టింది. పంపేవాడికి అది అవసరమైన రక్షణే, దాన్ని మేం తప్పుపట్టడం లేదు. మా అభ్యంతరమల్లా ఆ పేరుకు తాళంచెవి ఫోన్ నంబరు కావడం మీదే.

2016లో యూపీఐ వచ్చినప్పుడు చెప్పిన గొప్ప సౌలభ్యం ఏమిటి? ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు, ఒక మారు చిరునామా (యూపీఐ ఐడీ) చాలు అని. తీరా ఆ మారు చిరునామాలో ఫోన్ నంబరునే పెట్టేశాయి కొన్ని యాప్‌లు. ఖాతా నంబరు తెలిసినవాడు అర్ధరాత్రి ఫోన్ చేసి విసిగించలేడు. ఫోన్ నంబరు తెలిసినవాడు ఆ పని చేయగలడు. పైగా ఆ ఐడీ డబ్బు పంపినవాడి బ్యాంకు స్టేట్‌మెంట్‌లోకి కూడా ఎక్కుతుంది. బేరం ముగిసి ఏళ్లు గడిచినా నంబరు అక్కడే ఉంటుంది.

దారులు లేవని కాదు. నంబరు లేని ఐడీని పెట్టుకునే వీలు చాలా యాప్‌ల సెట్టింగుల్లో ఉంది. ఫోన్ నంబరుకు బదులు ఎనిమిది, తొమ్మిది అంకెల యూపీఐ నంబరునూ తీసుకోవచ్చు. అయితే కూరగాయల బండి దగ్గర నిలబడి సెట్టింగులు వెతికేదెవరు? యాప్ మొదట ఏది ఇస్తే జనం దానితోనే సాగిపోతారు. అమెరికాలో డబ్బు పంపుకునే వెన్మో యాప్ వాడకందారుల స్నేహితుల జాబితాను అందరికీ కనబడేలా ఉంచేది. 2021లో అధ్యక్షుడు జో బైడెన్ ఖాతానే విలేకరులు నిమిషాల్లో పట్టేశారు. ఆ తర్వాతే జాబితాను దాచుకునే వీలు కల్పించారు. అక్కడ అధ్యక్షుడికే తప్పనిది ఇక్కడ టైలరమ్మకు తప్పుతుందా?

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తేల్చింది. పనికి అవసరమైన సమాచారానికే సమ్మతి వర్తిస్తుందని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. వైద్య సలహా ఇచ్చే యాప్‌కు రోగి ఫోన్‌లోని కాంటాక్టులతో పనేమిటని ఉదాహరణ కూడా ఇచ్చింది. ఐదు వందల కుట్టుకూలి అందుకోవడానికి ఫోన్ నంబరు బయటపెట్టడం ఏపాటి అవసరమో కూడా ఆ లెక్కలోనే చూడాలి. 2025 నవంబరులో ఆ చట్టం నియమాలు వచ్చినా, కీలక బాధ్యతలు అమలుకు రావడానికి 18 నెలల గడువుంది. అప్పటిదాకా ఆగనక్కర్లేదు.

కొత్తగా చేరే ప్రతివారికీ యాప్‌లు మొదట నంబరు లేని ఐడీనే ఇవ్వాలి. పాతవాళ్లను ఒక్క నొక్కుతో దానికి మార్చాలి. డబ్బు పంపకుండా వరసపెట్టి పేర్లు వెతికేవాళ్లకు పరిమితి విధించాలి. నెలకు 2,000 కోట్ల లావాదేవీలు నడిపే వ్యవస్థకు ఇది మోయలేని భారమేమీ కాదు. మనుషుల మధ్య ‘డబ్బు పంపండి’ అనే కలెక్ట్ రిక్వెస్టులను మోసగాళ్లు వాడుకుంటున్నారని, వాటిని 2025 అక్టోబరు 1 నుంచి ఒక్క సర్క్యులర్‌తో ఆపించింది ఈ కార్పొరేషనే.