సవరణ: ‘ఫియాన్సే’కీ ఫైనాన్స్‌కీ చుట్టరికం లేదు

నిశ్చితార్థం అయిన అబ్బాయిని పిలిచే ‘ఫియాన్సే’ అన్న మాట ‘ఫైనాన్స్’ నుంచి వచ్చిందనీ, కట్నం లెక్కలే దాని మూలమనీ మొన్న రాశాను. అది తప్పు, క్షమించండి.

పాత ఫ్రెంచ్‌లో ‘ఫియాన్స్’ అంటే నమ్మకం, ఇచ్చిన మాట. దాని వెనక ఉన్నది ‘నమ్మడం’ అనే అర్థమున్న లాటిన్ ‘ఫీదెరె’. ‘నమ్మకంగా ఉండటం’ అనే అర్థంలో మనం వాడే ‘ఫిడెలిటీ’ కూడా ఆ కుటుంబానిదే. అంటే ఫియాన్సే మాట ఇచ్చినవాడు. ఎంత అందమైన అర్థం! దానికి డబ్బు అంటగట్టినందుకు నిజంగా బాధగా ఉంది. ఫైనాన్స్ పుట్టింది ‘ముగింపు’ అనే అర్థమున్న ‘ఫీనిస్’ నుంచి. బాకీ తీర్చి లెక్క ముగించడం అన్నమాట.

ఇంకొకటి: అబ్బాయికైతే స్పెల్లింగ్ చివర ఒకే ‘ఈ’, అమ్మాయికి రెండు. పలకడం మాత్రం ఒకటే. శుభలేఖల్లో చూసుకోండి.