సవరణ: అంతరిక్ష కథల్లో కన్నీళ్లు వద్దనలేదు

‘అంతరిక్ష సినిమాల్లో అతినాటకీయత వద్దు’ అని నేను ఇంతకుముందు రాసిన వాక్యం చదివి, ‘కథలో భావోద్వేగమే ఉండకూడదంటారా?’ అని తిరుపతి మిత్రులు కొందరు అడిగారు. కాదు. ఆ వాక్యాన్ని ఇలా చదవండి: భౌతికశాస్త్రాన్ని తుంగలో తొక్కి రాబట్టే కన్నీళ్లు వద్దు.

అంగారకుడి నుంచి మాట మనకు చేరడానికి, దూరాన్నిబట్టి, సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అక్కడున్న కూతురితో తల్లి గలగలా కబుర్లాడితే నేను నమ్మలేను. ఒక్క ప్రశ్న అడిగి, జవాబు కోసం అరగంట కూర్చుంటే? అంతకు మించిన ఉత్కంఠ ఏ నేపథ్య సంగీతం ఇవ్వగలదు! నిజంగా జరిగిందే చూడండి: ఇప్పుడు మన తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచే చంద్రయాన్-2 వెళ్లింది. 2019 సెప్టెంబరు 7న చంద్రుడిపై దిగాల్సిన దాని ల్యాండర్ సంకేతాలు ఆగి మూగబోయినప్పుడు, అది వెళ్లే మార్గాన్ని చూపే తెరపై కనిపించింది దారి తప్పిన ఒక గీత మాత్రమే. పేలుళ్లు లేవు, అరుపులు లేవు. అయినా చూస్తున్నవారి గుండెలు జారిపోయాయి. అలాంటి దృశ్యాలు రాయమనే నేను కోరుతున్నాను.