తిన్న ఇంటి వాసాలు: కడప పెద్దల తీర్పు

పరాయి దేశానికి చదువుకో కూలికో పోయినవాడు అక్కడ ఏ విషయం మీదా నోరు విప్పరాదన్న సిద్ధాంతం మా కడపలో ఏనాడో స్థిరపడిపోయింది. ఏడు రోడ్ల కూడలిలో పొద్దున్నే టీ తాగే పెద్దలు ఎన్నికల కాలంలో ఒకరి ముఖం ఒకరు చూడరు గానీ, ఈ ఒక్క అంశం వచ్చేసరికి ఒకే టీని ఇద్దరు పంచుకునేంత ఐకమత్యం ప్రదర్శిస్తారు. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గాజా యుద్ధానికి వ్యతిరేకంగా విద్యార్థులు గుడారాలు వేసుకొని కూర్చున్నప్పుడూ, మరుసటి ఏడాది అలాంటి నిరసనల్లో కనిపించిన విదేశీ విద్యార్థుల వీసాలను అమెరికా ప్రభుత్వం రద్దు చేసినప్పుడూ ఇక్కడ వెలువడిన తీర్పు ఒక్కటే: తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమేమిటి?

ఈ తీర్పును నేను శిరసావహిస్తున్నాను. అమలులో ఎదురయ్యే కొన్ని చిక్కులను పెద్దల దృష్టికి తేవడం వరకే నా ఉద్దేశం.

మొదటి చిక్కు తిండికి సంబంధించినది. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో ఎవరి ఇంటికైనా వెళ్లి కదిలిస్తే, పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయనో, తల్లి గాజులు తాకట్టులో ఉన్నాయనో తెలుస్తుంది. అంటే పిల్లవాడు అక్కడ తింటున్న ఉప్పు కూడా మనం ఇక్కడినుంచి పంపిన డబ్బుతో కొన్నదే. ఈ మాట అంటే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, లాడ్జికి బాడుగ కట్టినవాడు ఓనరైపోతాడా అని నా నోరు మూయించారు. నేను ఒప్పుకున్నాను.

రెండవది మినహాయింపుల చిక్కు. 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు అరెస్టయినప్పుడు అమెరికాలోని మనవాళ్లు ప్లకార్డులు పట్టుకొని వీధుల్లో నిలబడ్డారు. మరుసటి ఏడాది ఎన్నికలకు ముందు రెండు పక్షాల అభిమానులూ అక్కడి రహదారుల మీద కార్ల ర్యాలీలు తీశారు. రాజమండ్రి జైలుకు, డాలస్ రోడ్డుకు సంబంధమేమిటని ఏడు రోడ్లలో ఒక్కరూ అడగలేదు. పైగా ఎవరి ర్యాలీలో కార్లు ఎక్కువన్న విషయం మీద కొన్నాళ్లు మాటలు లేకుండా పోయాయి. నాకు తెలిసిన ఒక తండ్రి, వీసాకు దరఖాస్తు చేసే విద్యార్థులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేటట్లు తెరచి ఉంచాలని 2025 జూన్‌లో అమెరికా ఆదేశించిన మరునాడే, చిన్న కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని వాడి ఫోనును వేలితో పైకీ కిందికీ జరుపుతూ తనిఖీ చేశాడు. గాజాలో ఆకలితో ఉన్న పిల్లల ఫొటో ఒకటి దొరికింది.

"అది తీసేయ్ రా అబ్బీ. మనకు ఆ పీడ ఎందుకు?"

"మరి అన్న అమెరికాలో పార్టీ జెండా పట్టుకొని నిలబడిన ఫొటో నీ డీపీలోనే ఉండాది గదా నాయనా?"

"అది మన్ది రా!"

ఇంతకంటే స్పష్టమైన న్యాయసూత్రాన్ని నేను ఏ కోర్టులోనూ వినలేదు.

ఈ సూత్రం ముందే ఉండి ఉంటే చరిత్రకు ఎంతో శ్రమ తప్పేది. 1893లో ఒక వర్తకుని దావా కోసం దక్షిణాఫ్రికాకు పోయిన బారిస్టరు గాంధీ, ఏడాదిలో పని ముగించి ఫీజు పుచ్చుకొని వచ్చేసేవాడు. 1914 దాకా అక్కడి ప్రభుత్వంతో తగవులాడేవాడు కాదు. అమెరికాకు చదువుకు పోయిన కనిగిరి దర్శి చెంచయ్య పుస్తకం మీద చూపు నిలిపి ఉంటే, బ్రిటిషు పాలనను కూలదోయాలని అక్కడి భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీలో చేరి జైలుపాలయ్యేవాడు కాదు. అంత దూరం ఎందుకు, 1820లో మా కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌను దొర జీతం తీసుకొని ఊరుకోక, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకొని, వేమన పద్యాలు ఏరించి 1829లో అచ్చువేయించాడు. ఆయనను అడిగిందెవరు? అయినా ఆయన బంగళా ఉన్న చోటే గ్రంథాలయం కట్టి దండలు వేస్తున్నాం. పెద్దలు ఈ విషయం పునఃపరిశీలించాలి.

మన గడ్డ మీద మాత్రం సిద్ధాంతం చక్కగానే అమలవుతోంది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా చెన్నైలో ప్లకార్డు పట్టుకున్న ఐఐటీ మద్రాసు జర్మన్ విద్యార్థిని దేశం విడిచి పొమ్మన్నారు. అతడు వెళ్లిపోయాడు.

ఇక అసలు చిక్కు కువైట్. ఈ జిల్లాలో ఎన్నో మిద్దెలు ఆ ఎడారి డబ్బుతోనే లేచాయి. 2022 జూన్‌లో కువైట్‌లోని ఫహాహీల్‌లో ప్రదర్శన చేసిన ప్రవాసులను పట్టుకొని స్వదేశాలకు పంపేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించినప్పుడు, పనికి పోయినోళ్లు పని చేసుకోవాలని మా పెద్దలు తలలూపారు. అయితే ఆ దేశంలో ఇంటిపనికి పోయిన ఒక ఆడకూతురు, పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకొని, నెలల జీతం రాక, స్నానాలగదిలో తలుపు వేసుకొని గొంతు తగ్గించి మాట్లాడిన వీడియో ఈమధ్య ఆమె భర్త ఫోనుకు వచ్చింది. దీన్ని విదేశీ గడ్డ మీద నిరసనగా పరిగణించాలా అన్న ప్రశ్న తలెత్తింది. చాలాసేపు తర్జనభర్జన జరిగాక, నిలబడి అరిస్తే నిరసన, దాక్కొని ఏడిస్తే విన్నపం అని తేల్చారు. అందువల్ల సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడానికి భర్తకు అనుమతి లభించింది.

అర్జీ రాసిపెట్టే పని నాకు అప్పగించారు. యజమాని పేరు రాయబోతే, ఆ ఇంటి అన్నం తిన్నది గదా, బాగుండదన్నారు. కొట్టేశాను. జీతం ఎగ్గొట్టారన్న వాక్యం ఆ దేశాన్ని నిందించినట్లు ఉందన్నారు. అదీ కొట్టేశాను. చివరికి, ఇంటిపని సుఖంగా ఉంటుందని నమ్మించి లక్షన్నర తీసుకొని ఆమెను విమానం ఎక్కించిన ఏజెంటు పేరైనా ఉంచుదామన్నాను. విశ్రాంత ఉపాధ్యాయుడు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"వానిది మన పక్కవీధే గదప్పా. పొద్దున లేస్తే మొగాలు జూసుకోవల్ల. అదీ తీసేయ్."