అమ్మది పరిణామం, నాది తప్పు

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో రెండేళ్లుగా రెండు చట్టాలు అమల్లో ఉన్నాయి. ఒకటి మా అమ్మకి, ఇంకోటి నాకు. రెండూ యూనివర్సిటీ నుంచి మోసుకొచ్చింది మా అబ్బాయే. ఫీజు మాత్రం నేను కట్టాను.

వాడు ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నాడు. అందులో పొద్దున పూట భాషాశాస్త్రం, మధ్యాహ్నం ఇంగ్లీషు బోధన. రెండూ అక్కచెల్లెళ్లు కాబోలు అనుకున్నాను. కాదు, తోడికోడళ్లు. పొద్దున క్లాసులో 'జనం మాట్లాడేదే భాష, అందులో తప్పనేది లేదు, ఉన్నదున్నట్టు వర్ణించడమే మన పని' అంటారట. భోజనాలయ్యాక అదే గదిలో, అదే బల్ల మీద, ఎర్ర పెన్ను పట్టుకుని తప్పులు దిద్దడం నేర్పుతారట. పెరుగన్నం తినగానే సిద్ధాంతం మారిపోయే శాస్త్రాన్ని నేనింకెక్కడా చూడలేదు.

ఇంటికొచ్చాక వాడు పొద్దుటి పాఠాన్ని నాయనమ్మకి, మధ్యాహ్నం పాఠాన్ని నాకు కేటాయించాడు.

మొన్నామధ్య అమ్మ, "మీ బాబాయి టేసన్లో దిగాడంట, ఇస్కూలు కాడ ఆటో దిగమను" అంది. నేను అలవాటు కొద్దీ "స్టేషన్ అమ్మా, స్కూల్" అన్నాను. మావాడు నన్ను కసిరి, ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి, "నాయనమ్మా, ఇంకోసారి అనవా" అంటూ ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సంగతేంటంటే, అచ్చ తెలుగు మాట మొదట్లో స్ట, స్క లాంటి జంట హల్లులు ఉండవట. అందుకని నాలుక ఒకచోట సకారాన్ని వదిలేసి టేసను అంటుంది, ఇంకోచోట ముందు ఓ ఇకారం పెట్టుకుని ఇస్కూలు అంటుంది. అది తప్పు కాదు, ధ్వని పరిణామం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి వ్యవసాయ వృత్తి పదకోశం 1962లో వచ్చిందనీ, అందులో మాటలు రైతుల నోళ్ల నుంచి తీసుకున్నవేగానీ నీలాంటి గుమాస్తాల ఫైళ్లలోంచి కాదనీ కూడా సెలవిచ్చాడు. అమ్మ మూడో తరగతితో ఆపేసిన మనిషి. ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో మొదటి కాఫీ ఆవిడకే.

ఇక నా సంగతి. నేను 31 ఏళ్లు ప్రభుత్వాఫీసులో డ్రాఫ్టులు రాశాను. 'విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్ ఎబౌ' అని మొదలుపెట్టి 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' అని ముగిస్తే, మధ్యలో ఏమున్నా ఫైలు కదిలేది. మావాడు దాని కింద ఎర్రగీత గీసి, ఇంగ్లండులో ఇప్పుడిలా ఎవరు రాస్తారు నాన్నా అన్నాడు. ఇంగ్లండుకి నేనెప్పుడు రాశాన్రా? తెనాలికి రాశాను, బాపట్లకి రాశాను, నరసరావుపేటకి రాశాను. వాళ్లు నీడ్‌ఫుల్ చేశారు కూడా.

ఇంకోరోజు పక్కింటాయనతో 'ఐ యామ్ హావింగ్ టూ సన్స్' అన్నానని వాడికి కోపం. అక్కడ హావింగ్ రాకూడదట, వస్తే ఏదో తాత్కాలికంగా ఉన్నట్టట. నీ వరస చూస్తుంటే నేనన్నదే కరెక్టేమో అన్నాను.

అసలు ఘోరం మే నెలలో జరిగింది. ఇంగ్లీషులో మాట మొదట వచ్చే ప, ట, క లకి ఓ గుక్క గాలి తోడవ్వాలట. మన ప కి అది ఉండదు. పరీక్ష ఏమిటంటే, నోటి ముందు సన్నటి కాగితం పట్టుకుని 'పెన్' అనాలి, కాగితం ఊగాలి. ఊగింది నా నోటి గాలికో ఫ్యాను గాలికో తేలదని మావాడు ఫ్యాను ఆపేశాడు. గుంటూరులో, మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి. పెన్ అన్నాను. కాగితం కదల్లేదు. పేపర్ అన్నాను. కదల్లేదు. చెమట కారి కాగితం మూతికి అంటుకుంది. నేర్చుకునేవాడికి టెన్షన్ పెడితే బుర్రకి తెర పడిపోయి భాష లోపలికి దిగదని క్రాషెన్ అనే అమెరికా పండితుడు చెప్పాడట. ఈ ముక్క వాడు నాకు వివరించింది ఫ్యాను ఆపిన పదో నిమిషంలో.

అక్కడితో ఆగాడా? విజయవాడని ఇంగ్లీషులో రాస్తే మొదటి వ కి ఒక అక్షరం, రెండో వ కి వేరే అక్షరం. మొదటిదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి, రెండోదానికి పెదవులు సున్నా చుట్టాలి. మూడు గంటల ఎండలో బస్సు పట్టుకుని వేలాడుతూ 'బెజవాడ, బెజవాడ' అని అరిచే కండక్టరు సగం శ్రమ తగ్గించుకున్నాడని నాకు అప్పుడే అర్థమైంది.

నేనూ ఊరుకోలేదు. మనం, మేము అనే తేడా కూడా లేని భాషరా నీది అన్నాను. రెండింటికీ కలిపి ఒక్క 'వియ్'. 'వియ్ ఆర్ గోయింగ్ టు సినిమా' అంటే ఎదుటివాడు చొక్కా వేసుకోవాలా, తలుపు వేసుకోవాలా? పిలిచామో, ఊరికే చెప్పామో తేల్చలేని భాష నాకు ఎర్రగీతలు పెట్టడమా? మావాడు దెబ్బతింటాడనుకున్నాను. "సూపర్ నాన్నా, ఇది పరీక్షలో రాస్తా" అని నోట్సులోకి ఎక్కించుకున్నాడు. మార్కులు కూడా వాడికే.

ఈ నెలలో గాలి మళ్లింది. చివరి సెమిస్టరుకి ప్రాజెక్టు చేయాలి. విషయం: భారతీయ ఇంగ్లీషు, ఆఫీసు ఉత్తరాల భాష. ఇండియన్ ఇంగ్లీషనేది తప్పుల కుప్ప కాదట, దానికంటూ ఓ పద్ధతి ఉందట, పుస్తకాలే ఉన్నాయట. అటక మీది నా పాత డ్రాఫ్టుల కట్టలు వాడే నిచ్చెన వేసుకుని దించి, గుడ్డతో తుడిచాడు. ఎర్రగీతలు పెట్టిన చేత్తోనే ఇప్పుడు పచ్చ హైలైటర్ రాస్తున్నాడు. అందులో నా పేరుండదు. 'ఇన్‌ఫార్మెంట్ 1, పురుషుడు, 61 ఏళ్లు' అని ఉంటుంది. ఇన్‌ఫార్మెంట్ అంటే పరిశోధనకి తన భాషని అందించే మనిషట. ఇన్‌ఫార్మెంట్ 2 ఎవరని అడిగాను. ఆవిడ వేరే పేపర్లో ఉందన్నాడు.

నా ఉత్తరాలు వాడుకోవడానికి నేను సంతకం పెట్టాలని నిన్న యూనివర్సిటీ నుంచి ఓ కాగితం తెచ్చాడు. లెటర్‌హెడ్డు, స్టాంపు, పెద్ద సంతకం, అన్నీ ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకుని సబ్జెక్ట్ సైటెడ్ ఎబౌ నుంచి ఆఖరి లైను దాకా చదివాను. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అని ఉంది.

చేశాను.