బోటు ఊగితే గ్యాస్ పెంచమన్న మహానుభావుడికి

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. "బాస్ బోటు కొన్న మనవాళ్లకు పది సూత్రాలు" అని తలకట్టు, కింద చేపల బొమ్మలు, చివర "పదిమందికీ పంపండి" అని వేడికోలు. బాస్ బోటంటే బాస్ చేపల వేటకు వాడే వేగమైన మోటారు బోటు. డాలస్ చుట్టుపక్కల కొత్తగా బోటు కొన్న తెలుగువాళ్లలో దీన్ని అందుకోనివారు లేరేమో. "అన్నా, ఇందులో రాసింది నిజమేనా?" అని అడిగేవాళ్లు కొందరైతే, అడగకుండా ఆచరణలో పెట్టేవాళ్లు ఇంకొందరు. నా బెంగంతా ఈ రెండో రకం గురించే. విడివిడిగా సమాధానాలు రాసి విసుగెత్తింది. ఇకపై ఎవరు పంపినా దీన్నే తిరిగి పంపుతాను.

రాసినవారెవరో తెలియదు. టోర్నమెంట్ వీడియోలు బాగానే చూసినట్టున్నారు. స్టీరింగ్ ముందు కూర్చున్న దాఖలాలు మాత్రం ఎక్కడా కనిపించవు.

మొదటి సూత్రం: "ప్రొపెల్లర్ పిచ్ పెరిగితే వేగం పెరుగుతుంది. 25 తీసి 27 బిగించండి." పిచ్ అంటే జారుడు లేకపోతే ప్రొపెల్లర్ ఒక చుట్టులో ముందుకు పోయే దూరం, అంగుళాల్లో. కాస్త లెక్క వేద్దాం. ఇంజిన్ నిమిషానికి 5,800 చుట్లు తిరుగుతోంది, గేర్ నిష్పత్తి 1.75, పిచ్ 25. నీళ్లలో జారుడే లేదనుకుంటే గంటకు 78.5 మైళ్లు రావాలి. జీపీఎస్ 70 చూపిస్తోందంటే జారుడు 11 శాతం దాకా ఉందన్నమాట. ఇప్పుడు 27 బిగించండి. పిచ్ ఒక అంగుళం పెరిగితే 150 నుంచి 200 చుట్లు పడిపోతాయి. రెండంగుళాలకు 400 పోయాయనుకుని 5,400తో అదే లెక్క వేస్తే వచ్చేది 78.9. వందల డాలర్లు పోసి కొత్త స్టీలు ప్రొపెల్లర్ కొన్నందుకు కాగితం మీద దక్కిన లాభం అర మైలు కూడా లేదు. ఇక ట్యాంకు నింపి, లైవ్‌వెల్ (పట్టిన చేపలను బతికించి ఉంచే తొట్టి) నింపి, పక్కన స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుంటే ఇంజిన్ తన పూర్తి చుట్లకు చేరనే చేరదు. ఘాట్ రోడ్డులో టాప్ గేరు వేసిన లారీలా మూలుగుతుంది.

రెండోది: "వేగం పెరుగుతున్నంతసేపూ జాక్ ప్లేట్ లేపుతూ పొండి." జాక్ ప్లేట్ అంటే ఇంజిన్‌ను నిలువునా పైకీ కిందికీ జరిపే పరికరం. లేపితే వేగం పెరుగుతుంది, కాదనను. కానీ చూడవలసింది జీపీఎస్ ఒక్కటే కాదు, వాటర్ ప్రెషర్ గేజీ కూడా. ప్రొపెల్లర్ షాఫ్ట్ ప్యాడ్‌కు (బోటు అడుగున వెనకాల ఉండే సన్నటి చదును భాగానికి) మూడంగుళాల కింద ఉండేలా మొదలుపెట్టి, పావు అంగుళం చొప్పున లేపుతూ, ప్రతిసారీ ఆ గేజీ ముల్లు మీద కన్ను వేయాలి. కింద నీళ్లు పీల్చే రంధ్రాలు గాలి పీల్చడం మొదలవగానే ముల్లు ఠక్కున పడుతుంది. అక్కడితో ఆగి, ఒక మెట్టు దించాలి. మెసేజ్‌లో ఈ గేజీ ఊసే లేదు. ఇంజిన్ ఉడికిపోయాక మెకానిక్ చెబుతాడు లెండి, బిల్లుతో పాటు.

మూడోది ట్రిమ్ గురించి, అంటే ఇంజిన్‌ను ముందుకో వెనక్కో వంచి బోటు ముక్కును దించడం, లేపడం గురించి: "ముక్కు ఎంత లేస్తే అంత మంచిది." నేల విడిచి సాము అంటే ఇదే. వేగం చాలకుండా ముక్కు లేపితే బోటు గంతులేస్తుంది, అప్పుడు ట్రిమ్ కాస్త దించితే సరిపోతుంది. అదే ట్రిమ్‌తో మలుపు తిప్పితే ప్రొపెల్లర్ నీటి మీద పట్టు వదిలేస్తుంది. మళ్లీ పట్టు దొరికిన క్షణాన బోటు ఎటు విసురుతుందో బోటుకే తెలియాలి. మలుపుకు ముందు వేగం తగ్గించి, ట్రిమ్ దించుకోవాలి.

ఇక నాలుగో సూత్రం. నేను కలం పట్టింది దీని కోసమే. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను (గ్యాస్ అంటే ఇక్కడ యాక్సిలరేటరే): "అరవై దాటాక బోటు కుడికీ ఎడమకీ ఊగుతుంది. దీన్ని చైన్ వాక్ అంటారు. భయపడకండి. రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఇంకా గ్యాస్ పెంచండి, అదే సర్దుకుంటుంది."

కొత్తవాడికి ఈ సలహా ఇవ్వడమంటే కొరివి చేతికిచ్చి తల గోక్కోమనడమే.

అసలు బోటు ఎందుకు ఊగుతుంది? వేగం పెరిగేకొద్దీ అడుగు భాగం నీళ్లను వదిలేస్తూ, చివరికి వెనకాల ఉన్న ఆ సన్నటి ప్యాడ్ మీద నిలబడుతుంది. ఇరవై అడుగుల బోటుకు అప్పుడు ఆధారం అంతే. ప్రొపెల్లర్ తిరిగే ధాటికి బోటు ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ పక్క అడుగు అంచు (చైన్ అంటే ఇదే, గొలుసు కాదు) నీటిని తాకుతుంది, నీరు దాన్ని పైకి తోస్తుంది, బోటు మధ్యలో ఆగకుండా రెండో పక్కకు పడుతుంది. అక్కడా అదే తంతు. కొత్త డ్రైవరు ఒరగడాన్ని కంటితో చూసి అప్పుడు స్టీరింగ్ తిప్పుతాడు. అతను తిప్పేసరికి బోటు అప్పటికే వెనక్కి వస్తుంటుంది, అతని దిద్దుబాటు దానికి తోడవుతుంది. ప్రతి ఊపూ ముందటి ఊపు కంటే పెద్దదవుతుంది. అంటే ఊపును పెంచేది చాలాసార్లు బోటు కాదు, ఆలస్యంగా కదిలే ఆ చేతులే. గ్యాస్ పెంచితే ప్యాడ్ కింద నీరు ఇంకా తగ్గుతుంది, దిద్దుకోవడానికి ఉన్న వ్యవధీ తగ్గుతుంది. డెబ్బై మైళ్ల వేగంలో బోటు సెకనుకు 103 అడుగులు పోతుంది. "అరే" అనుకునేలోగా ఎంత దూరం పోతారో మీరే లెక్కేసుకోండి. పైగా లేక్ ఫోర్క్ లాంటి చోట, నీళ్లలో నిలువునా చెట్ల మోడులు నిలబడి ఉంటే, బోట్ల దారి దాటి పది గజాలు పక్కకు పోవడం కూడా చిన్న విషయం కాదు.

అలాగని ఒక్కసారిగా గ్యాస్ మొత్తం వదిలేయమనీ అనడం లేదు. ఈ మెసేజ్‌కు జవాబుగా ఇంకొకాయన అదే సలహా ఇచ్చాడు. అదీ ప్రమాదమే. ఠపీమని వదిలేస్తే ముక్కు కిందికి పడి నీటిని కోస్తుంది, తోక పక్కకు తిరుగుతుంది, లోపలి మనుషులు బోటు పోతున్న దారినే గాలిలోకి పోతారు. ట్రిమ్‌ను ఒకేసారి పూర్తిగా దించినా ఇదే గతి. ఊపు మొదలైందని తెలియగానే గ్యాస్ కొద్దిగా, మెల్లగా తగ్గించి, ట్రిమ్ రవ్వంత దించి, బోటును నిలబడనివ్వాలి. రెండు మూడు మైళ్లు తగ్గితే చాలాసార్లు అదే కుదురుకుంటుంది. మళ్లీ నెమ్మదిగా ఆ వేగం దాకా వెళ్లి, ఊపు పుట్టకముందే స్టీరింగ్‌ను వెంట్రుకవాసి కదపడం చేతులకు అలవాటు చేయాలి. ఎన్ని వీడియోలు చూసినా ఇది రాదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అనుభవమున్న డ్రైవర్లు నిజంగానే ఆ ఊపులోంచి గ్యాస్ పెంచుకుంటూ దాటిపోతారు. కొన్ని బోట్లు ఆ గండం దాటాక గీత గీసినట్టు తిన్నగా పోతాయి కూడా. మెసేజ్ రాసినవారు చూసింది అబద్ధం కాదు. ఆ వీడియోలో గ్యాస్ కనిపించింది, స్టీరింగ్ మీద వేళ్లు చేస్తున్న పని కనిపించలేదు, అంతే.

ఇంకో సంగతి ఆయన అసలే ఎత్తలేదు. స్టీరింగ్‌లో వదులు ఉంటే ఎంత నేర్పు ఉన్నా దండగ. బోటు ట్రైలర్ మీద ఉండగానే ఒకరిని స్టీరింగ్ కదలకుండా పట్టుకోమనండి. మీరు వెనక నిలబడి ఇంజిన్ కింది భాగాన్ని రెండు చేతులతో పక్కలకు ఊపి చూడండి. స్టీరింగ్ కదలకుండానే ఇంజిన్ కదిలిందంటే కేబుళ్లు వదులయ్యాయో, బోల్టులు అరిగాయో, హైడ్రాలిక్ గొట్టాల్లో గాలి చేరిందో తేల్చుకోవాలి. అది బాగయ్యేదాకా అరవై మాట తలపెట్టవద్దు.

ఐదో సూత్రం: "కాలి పెడల్ డబ్బు దండగ, చేతి లివర్ చాలు." బాగుంది. నాలుగో సూత్రంలో రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచి గ్యాస్ పెంచమన్నారు. ఐదో సూత్రంలో గ్యాస్ చేత్తోనే ఇమ్మన్నారు. మూడో చెయ్యి ఎక్కడ దొరుకుతుందో ఆరో సూత్రంలో చెబుతారేమోనని ఆశగా చదివాను.

చెప్పలేదు. ఆరోది ఇది: "కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకుంటే చికాకు. సీటుకు కట్టేయండి." ఆహా. ఆ తాడు ఊడితే ఇంజిన్ ఆగిపోతుంది, దాని పనే అది. ఎప్పుడైనా సీటు ఎగిరి నీళ్లలో పడితే ఇంజిన్ ఆగిపోయి సీటు ప్రాణాలు దక్కుతాయి. డ్రైవరు పడితే మాత్రం ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, పట్టుకునే చెయ్యి లేని స్టీరింగ్ ఒక పక్కకు తిరిగిపోతుంది, బోటు గుండ్రంగా తిరిగి పడినవాడి మీదికే వస్తుంది. 2012లో పదహారేళ్ల కేలీ గోర్జెల్ టెక్సస్‌లో బోటు ప్రమాదంలో చనిపోయింది. ఆమె పేరుతోనే 2019లో ఆ తాడు తగిలించుకోవాలని రాష్ట్రం చట్టం చేసింది. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అదే నియమం: 26 అడుగుల లోపు బోటు, నీటి మీదికి లేచి పరుగు తీస్తున్నంతసేపూ డ్రైవరుకు లింకు ఉండాలి. తాడు అంత చికాకైతే తీగ లేని రకాలూ అమ్ముతున్నారు, చట్టం వాటినీ ఒప్పుకుంటుంది. లైఫ్ జాకెట్ వేసుకుని, దాని కొక్కేనికి తాడు తగిలించడానికి పట్టేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లు మిగుల్చుకుని ఈయన ఏ ఘనకార్యం చేస్తారో!

ఏడోది, బోటు అడుగున మైనం పూస్తే వేగం పెరుగుతుందట. పూయండి, మెరుస్తుంది. ఎనిమిదోది, బ్యాటరీలన్నీ ముందుకు జరపమనడం. ముక్కు బరువెక్కిన బోటు ప్యాడ్ మీదికే లేవదు. బోటు ఊగకపోవడానికి అదీ ఒక మార్గమే. బోటు అమ్మేయడం ఇంకా సులువు.

తొమ్మిదోది: "కారు లైసెన్స్ ఉంటే చాలు, టెక్సస్‌లో బోటుకు ఏమీ అక్కర్లేదు." బోటుకు వేరే లైసెన్స్ లేని మాట నిజమే. కానీ 1993 సెప్టెంబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటు శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. మనలో నడివయసు వాళ్లకు ఇది వర్తించదు. వారాంతంలో "నాన్నా, ఒక్కసారి నేను నడుపుతా" అని తాళం అడిగే కాలేజీ పిల్లలకు వర్తిస్తుంది. పదమూడేళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలన్నది కూడా చట్టమే. పది సూత్రాల్లో ఎక్కడా దాని ప్రస్తావన లేదు.

పదోది: "నేర్చుకునే రోజుల్లో గాలం కర్రలు ఇంట్లో వదిలేసి వెళ్లండి." ఇది చదివి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే అక్షరాలా సరైన మాట. కర్ర చేతికి అందేంత దూరంలో ఉంటే ఎవరూ బోటు నేర్చుకోరు. పది నిమిషాలు నడిపి, ఒడ్డున గడ్డి కనిపించగానే ఆపేస్తారు. పనిరోజు పొద్దున్నే, గాలి లేనప్పుడు, లూయిస్‌విల్ సరస్సు నడిమధ్యకు పోయి నలభైలో ట్రిమ్, యాభైలో మలుపులు, ఆ తర్వాతే అరవై. శనివారం మధ్యాహ్నం అక్కడికి పోకండి, ఇతర బోట్ల అలలతోనే సరిపోతుంది. పక్కన సంగతి తెలిసినవాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టుకోండి. ఈ మెసేజ్ పంపినవాణ్ణి మాత్రం వద్దు.